నలభై బైట్ల పొదుపు

ఈ మధ్య ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తున్నారు. "సార్, చిన్న చిప్పుల మీద కెర్నెల్ రాశారట కదా, స్టాక్ ఎలా తగ్గించాలి, రిజిస్టర్లు ఎన్ని దాచాలి" అని అడుగుతున్నారు. ముప్పై రెండేళ్లు చేసిన పని, చెప్పడం మొదలుపెడితే ఆగను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ లోకువ మీ మీద చూపించకూడదని కాగితం మీద పెడుతున్నాను.

ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, శాలువా ఎవరు కప్పారు అనేవి ఇందులో ఉండవు. నా తప్పులు ఉంటాయి. వాటిలో ఒకటి ఉంది, మిగతావన్నీ కలిపినా దాని కాలిగోటికి సరిపోవు. నిజానికి దాన్ని రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ధైర్యం చాలక మిగతావి ముందు రాస్తున్నాను.

అంగట్లో బల్ల

మా నాయనకు రాయచోటిలో కిరాణా అంగడి ఉండేది. ఒకరికి బెల్లం తూస్తుంటే ఇంకొకరు వచ్చి "శెట్టీ, బస్సు పోతాండాది, ముందు నాకు చింతపండియ్యి" అనేవారు. నాయన చేతిలో ఉన్న బెల్లాన్ని పక్కన బల్ల మీద పెట్టి చింతపండు అందుకునేవాడు. అది తూచేలోపు మరొకరు ఉప్పు అడిగేవారు. చింతపండూ బల్ల మీదికి పోయేది. ఉప్పు కట్టేశాక చింతపండు, చింతపండు అయ్యాక బెల్లం, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మళ్లీ అందుకునేవాడు. ఒకరి సరుకు ఇంకొకరికి పోయేది కాదు.

నేను జీవితమంతా చేసిన పని ఇదే. చిప్పుకు ఉన్న రిజిస్టర్లు మా నాయన చేతుల్లాంటివి. అవి కొన్నే ఉంటాయి. స్టాక్ అంటే ఆ బల్ల. తొందరపడి వచ్చే గిరాకీని మా భాషలో ఇంటరప్ట్ అంటాం. అది వచ్చినప్పుడు చేతిలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టాలి, పని అయ్యాక పెట్టినవి పెట్టినట్టు తీసుకోవాలి. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి బల్ల ఎంత అని చూసే చిన్న పెత్తందారే కెర్నెల్.

ఒక్క తేడా ఉంది. అంగట్లో బల్ల నిండితే సరుకు కిందపడి చప్పుడవుతుంది, నాయన మమ్మల్ని తిడతాడు. చిప్పులో చప్పుడు కాదు. పడినది పోయి పక్కనున్న వేరొకరి సరుకులో కలిసిపోతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

పంతొమ్మిది రోజులు

బెంగళూరులో నా మొదటి మేనేజరు కృష్ణమాచారి గారు. గొంతు పెంచి మాట్లాడడం ఎరగని మనిషి. "రిజిస్టరు పక్కింటి నుంచి తెచ్చుకున్న గిన్నెవంటిది. ఎట్లా తెచ్చావో అట్లా ఇచ్చెయ్యి, అడుగున మెతుకు కూడా ఉండకూడదు" అనేవారు.

నేను ఆ మాట విని తల ఊపాను. ఊపి, ఒక కరెంటు మీటరు కోసం రాసిన ఇంటరప్ట్ కోడ్‌లో ఒక రిజిస్టరును దాచడం మానేశాను. నా కోడ్ దాన్ని ముట్టుకోదు, మరి దాచడం దండగ కదా అని నా లెక్క. ఆరు నెలల తర్వాత ఇంకొకతను అదే చోట ఒక గుణకారం చేర్చాడు. మనం రాసినదాన్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ ఆ గుణకారానికి సరిగ్గా ఆ రిజిస్టరునే వాడుకుంది. రెండు రోజులకొకసారి మీటరు పిచ్చి అంకెలు చూపించడం మొదలైంది. పట్టుకోవడానికి మాకు పంతొమ్మిది రోజులు పట్టింది. కృష్ణమాచారి గారు తిట్టలేదు. "నువ్వు మిగిల్చింది రెండు బైట్లు నాయనా, పోగొట్టింది పంతొమ్మిది రోజులు" అని కాఫీకి వెళ్లిపోయారు.

దాని నుంచి నేను నేర్చుకోవలసింది, ఇంకొకరు వచ్చి ఏం చేస్తారో నాకు తెలియదు అని. నేర్చుకున్నది వేరు. ఏది చేసినా కొలిచి చేయాలని నేర్చుకున్నాను. కొలిస్తే చాలనుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, ఆ నమ్మకాన్ని ఇరవై ఏళ్లు వదలలేదు.

తాళం మీట

తర్వాత కర్నూలుకు వచ్చేశాను. ఇక్కడ ఒక చిన్న కంపెనీ రైతుల మోటార్లకు పెట్టెలు తయారుచేసేది. యజమాని రెడ్డిగారు సేద్యం నుంచి వ్యాపారంలోకి వచ్చిన మనిషి. మా పెట్టెకు ఫోన్‌లో మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆడుతుంది, ఇంకోటి ఇస్తే ఆగుతుంది. నీళ్లు అడుగంటితే తనంతట తానే ఆగుతుంది. అన్నిటికంటే రైతులు ఇష్టపడింది దాని తాళం మీటను. ఎర్ర మీటను ఐదు లెక్కపెట్టేంత సేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర లైటు వెలుగుతుంది. ఇక ఎవరు ఫోన్ చేసినా, కరెంటు వచ్చినా పోయినా మోటారు కదలదు. అంతకు ముందు మోటారు మీద చెయ్యి పెట్టాలంటే రైతు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫీజులు పీకాలి. ఆ పీకడంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకని మేం ఊరూరా తిరిగి చెప్పాం, ఫీజులు పీకొద్దు, తాళం వేసుకోండి చాలని.

ఆ చెప్పే పని మస్తాన్‌ది. మస్తాన్ వలీ మా ఫీల్డు మనిషి. పెట్టెలు బిగించడం, రైతుకు నేర్పడం, చెడితే పోయి చూడడం అతని పని. అతని తండ్రిది పరుపులు కుట్టే వృత్తి. మస్తాన్ ఐటీఐ చదివి కరెంటు పనిలోకి వచ్చాడు. కర్నూలు నుంచి కడప దాకా అతనికి తెలియని పొలం గట్టు లేదు.

ఒక ఏడు రెడ్డిగారికి కొత్త ఆలోచన వచ్చింది. మోటారు ఆడినా ఆగినా రైతు ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పోవాలన్నారు. చిప్పు మాత్రం మారకూడదు. దాని జ్ఞాపకశక్తి మొత్తం రెండు కిలోబైట్లు. తెలుగు అక్షరాలు ఎక్కువ చోటు తింటాయి. చేస్తానని ఒప్పుకున్నాను. ఇలాంటి పని అంటే నాకు పండగ.

ఒక ఫంక్షన్ ఇంకొకదాన్ని, అది మరొకదాన్ని పిలిచే చోట్ల అన్నిటినీ కలిపి చదును చేశాను. ప్రతి పిలుపుకూ బల్ల మీద కొంత చోటు పోతుంది కాబట్టి అక్కడ కొన్ని బైట్లు మిగిలాయి. పని మారేటప్పుడు దాచే రిజిస్టర్లలో అక్కరలేనివి తీసేశాను, ఈసారి కంపైలర్ నియమాలు చదివి మరీ తీశాను. చివరికి మిగిలింది మోటారు పనికి ఇచ్చిన స్టాక్. అది ఎంత వాడుకుంటుందో కొలవడానికి మేం ఒక పద్ధతి పాటిస్తాం. మొదట స్టాక్ అంతా ఒకే అంకెతో నింపుతాం. కొన్ని రోజులు ఆడించి చూస్తాం. ఆ అంకె ఎక్కడిదాకా చెరిగిపోయిందో అక్కడిదాకా వాడుక వచ్చిందన్న మాట. బావి గోడ మీద నీటి గుర్తు చూసుకున్నట్టే. రెండు నెలలు నా టేబుల్ మీద ఆడించాను. యాభై రెండు బైట్లను ఒక్కసారి కూడా ఎవరూ ముట్టుకోలేదు. అందులో నలభై తీసుకుని మెసేజ్‌కు ఇచ్చాను. పన్నెండు మిగిల్చాను కదా, ధర్మాత్ముణ్ణే అనుకున్నాను.

మస్తాన్ అప్పుడు ఆఫీసులోనే ఉన్నాడు. నేను గొప్పగా చెబుతుంటే విని అన్నాడు.

"సార్, ఈ రెండు నెల్లూ గాలి ల్యా, వాన ల్యా. ఈడ మీ టేబుల్ మింద కరెంటు గూడా పెద్దమనిషి మాదిరి వస్తాది. వేంపల్లె పక్క మొదటి గాలివానకు సూడాల. ఒక్క నిమిషంలో పదిసార్లు వచ్చి పదిసార్లు పోతాది. ఆడ పెట్టి సూసి తర్వాత అందరికీ ఇద్దాం."

"గుర్తు చూసినాం కదా మస్తానూ. రెండు నెలల్లో ఆ గీత ఒక్కసారి కూడా దాటలేదు."

"వంక పదేండ్లు పారకుంటే వంక గాకుండా పోతాదా సార్? పారల్యాని ఇండ్లు కట్టుకుంటే ఏమైతాది?"

నేను నవ్వాను. "నువ్వు స్క్రూలు బిగించుకో, స్టాక్ సంగతి నేను చూసుకుంటా" అన్నాను. మస్తాన్ కూడా నవ్వి సంచి భుజాన వేసుకుని పోయాడు. నేను ఎవరినైనా బూతులు తిట్టిన రోజులున్నాయి, అవి గుర్తులేవు. ఈ మాట మాత్రం ఇప్పటికీ మరుపుకు రాదు.

ఓబులేసు చెయ్యి

వేంపల్లెకు దగ్గర్లో ఒక పల్లె. ఓబులేసు అనే రైతుకు అక్కడ పాత బావి ఉంది. నిజానికి ఆ బావి అన్నదమ్ములు ముగ్గురిది. పొలాలు పంచుకున్నారు గాని బావిని పంచుకోలేరు కదా, రోజుకొకరి వంతు పెట్టుకున్నారు. మన వైపు ఇలాంటి బావులు ఎన్నో ఉన్నాయి. అంగడి ఇంట్లో పుట్టిన నాకు ఆ సంగతి తెలియదు. పెట్టెలో నాలుగు ఫోన్ నంబర్లకు చోటు పెట్టాను గాని, అది ఇంట్లో భార్యాపిల్లల కోసం అనుకున్నాను. నా టేబుల్ మీద ఎప్పుడూ ఒక్క ఫోన్‌తోనే పరీక్షించాను.

ఆ రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఓబులేసు బావి దగ్గర బెల్టు మోటారు. బెల్టు జారిపోయింది. అక్కడే చేలో ఉన్న ఆయన మస్తాన్ నేర్పినట్టే ఎర్ర మీట నొక్కి, లైటు వెలిగేదాకా ఉండి, కూర్చుని బెల్టు ఎక్కించడం మొదలుపెట్టాడు. గాలికి కరెంటు పోతూ వస్తూ ఉంది. ముందు రోజు కరెంటు లేక పెద్దన్న వంతు వృథా అయింది. ఆ నీళ్లు తనకు రావాలని ఆయన. ఈ రోజు తన వంతని నడిపి అన్న. ఇద్దరూ ఊళ్లో ఉన్నారు, బెల్టు సంగతి వాళ్లకు తెలియదు. ఇంట్లో లైటు వెలిగినప్పుడల్లా ఇద్దరూ బావికి ఫోన్ కొట్టారు. ఓబులేసు ఫోన్ ఆయన భార్య దగ్గర ఉంది. వాళ్లు కొడుతున్నారని ఆమె కూడా కొట్టింది. తాళం వేసి ఉంటే ఎంతమంది కొట్టినా ఏమీ కాకూడదు. మోటారు తిరిగింది. ఓబులేసు కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

మస్తాన్ కబురు తెలిసిన గంటలో బయల్దేరి కడప ఆస్పత్రికి పోయాడు. రెండు రోజులు అక్కడే వరండాలో కూర్చున్నాడు. ఓబులేసు బంధువులు నానా మాటలన్నారట. తలొంచుకుని విన్నాడట.

పెట్టెను గోడ మీద నుంచి పీకి ఆఫీసుకు తెచ్చారు. దాన్ని విప్పి చూసిన మా ఆఫీసు మనిషి లోపల ఒక స్క్రూ వదులుగా ఉందని రాశాడు. దాని తీగ ఊగి తగిలి మోటారు ఆడి ఉంటుందని తేల్చారు. రెడ్డిగారు మస్తాన్‌ను పిలిపించారు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"మస్తానూ, ఆ స్క్రూ బిగించినావా, ల్యా?"

"బిగించినా సార్." స్క్రూ తిప్పినట్టు వేలు తిప్పి చూసుకున్నాడు. "బిగించినాననే అనుకుంటాండా."

ఆ 'అనుకుంటాండా' అన్న మాటే అతని ఉద్యోగం తీసింది. అబద్ధాలకోరు అయితే గుండె మీద చెయ్యేసుకుని ఒట్టు వేసేవాడు. ఏళ్ల తరబడి వందల పెట్టెలు బిగించినవాడు ఒక్క స్క్రూ గురించి ఏమని ఒట్టు వేస్తాడు? అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అప్పటికి నాకు నిజం తెలియదు. తెలియదు గాని, స్క్రూయే కారణం కావాలని లోపల కోరుకున్నాను.

మూడు ఫోన్లు

మూడు వారాల తర్వాత ఎవరో మాటల్లో ఆ బావి ముగ్గురిదని చెప్పారు. నేను ఒక్క ఫోన్‌తోనే పరీక్షించిన సంగతి గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున అదే పెట్టెను టేబుల్ మీద పెట్టాను. స్క్రూ బిగించాను. ఎర్ర మీట నొక్కి తాళం వేశాను. ఆఫీసులో మూడు ఫోన్లు అడిగి తీసుకున్నాను. ఒక చేత్తో కరెంటు స్విచ్ వేస్తూ తీస్తూ, ఇంకో చేత్తో ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు కొట్టాను. మూడుసార్లు ఏమీ కాలేదు. నాలుగోసారి ఎర్ర లైటు ఆరిపోయింది. లోపల మోటారుకు కరెంటు కలిపే రిలే టక్కుమంది. మోటారు ఉంటే తిరిగేదే.

విప్పి చూస్తే అంతా కనిపించింది. ఫోన్ వచ్చిందని ఒక ఇంటరప్ట్, దాని మధ్యలో కరెంటు పోయిందని ఒకటి, దాని మధ్యలో మళ్లీ ఫోన్. ఒకదాని మీద ఒకటి వచ్చి చేతిలో ఉన్నవి బల్ల మీద పెడుతూ పోయాయి. నేను తీసేసిన నలభై బైట్లు ఉంటే బల్ల చాలేది. చాలక చివరిది పక్కకు పడింది. అక్కడ ఉన్నది తాళం వేసి ఉందని చెప్పే గుర్తు, అది చెరిగిపోయింది.

రెడ్డిగారికి చెప్పాను. "ఎన్ని బావుల మీద ఉండాయో తెలుసు కదా నీకు. పెట్టెలోనే తప్పుండాదంటే రేపు అందరూ పీకి పారేస్తారు. మళ్లీ ఫీజులు పీకను పోతారు. సరిచేసి అన్నిట్లో మార్చెయ్. మిగతాది వదిలెయ్" అన్నారు. అందులో స్వార్థం ఉంది, కొంత నిజమూ ఉంది. ఆయన నన్ను బెదిరించలేదు. నేను బయటికి వెళ్లి మస్తాన్‌కు చెప్పి ఉంటే ఆపేవారు కూడా కాదు. ఆయన ఇప్పుడు లేరు, నెపం ఆయన మీద వేయడం తేలిక. వేయను.

నేను ఎందుకు చెప్పలేదు? భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరూ నన్ను బైటు బైటుకూ లెక్క తెలిసిన మనిషి అనేవారు. ఆ పేరు పోతుందని చెప్పలేదు. ఇంత చిన్న కారణానికి ఒక మనిషిని ముంచాను.

ఇక సరిచేసిన సంగతి. ఇది మీకు పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. ఇంటరప్ట్‌లకు విడిగా ఒక స్టాక్ పెట్టాను, అవి ఇక ఎవరి బల్లనూ నింపవు. ప్రతి స్టాక్ చివరా కాపలాగా ఒక అంకె ఉంచి, అది చెరిగితే పెట్టె మోటారు ఆపి నిలబడిపోయేటట్టు చేశాను. తాళం గుర్తును రెండు చోట్ల, ఒకటి తిరగేసి, దాచాను. అన్నిటికంటే ముఖ్యం, ఎర్ర మీట కరెంటు తీగనే తెంచేటట్టు మార్పించాను. మనిషి చెయ్యి పెట్టే చోట మీ కోడ్ ఒక్కదాన్నే తాళంగా పెట్టకండి. ఇక స్టాక్ గుర్తు చూసి కోత వేయకండి. జరిగినంతవరకే అది చెబుతుంది. అన్నీ ఒకేసారి వచ్చి మీద పడితే ఎంత కావాలో కాగితం మీద లెక్క వేయాలి. ఆ లెక్క అరపూట పని. నేను వేయలేదు.

మార్పులు నమోదు చేసే పుస్తకంలో దీనికి నేను రాసిన వాక్యం, 'పనితీరు మెరుగుపరచడమైనది'. ఎర్ర మీట మార్పును నేను ఆఫీసులో అందరికీ వివరించి చెప్పాను, ఎందుకు మార్చామో మాత్రం చెప్పలేదు. చప్పట్లు కొట్టారు.

పరుపుల అంగడి

ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చుని ఇది రాస్తూ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. జరిగి పదకొండేళ్లయింది. చెప్పవలసినవాడికి చెప్పకుండా మీకు చెబితే అది ఇంకో దొంగతనం అనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పోయాను.

మస్తాన్ కర్నూలు పాతబస్తీలో తండ్రి వృత్తిలోకే దిగాడని విన్నాను. వీధి చివర చిన్న అంగడి. లోపలంతా దూది పొగలా లేస్తోంది. గడ్డం నెరిసింది గాని మనిషి అదే మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం సార్, శానా దినాలకు! కూసోండి, కూసోండి. కాశింబీ, సార్‌కు చా పెట్టు."

దూది ఏకే మిషన్ పెద్దగా చప్పుడు చేస్తోంది, మాటలు వినపడడం లేదు. మస్తాన్ దాని పక్కనే నిలబడి కూడా లోపలికి కేక వేశాడు. అతని భార్య కాశింబీ వచ్చి స్విచ్ ఆపి పోయింది. నేను ఆ స్విచ్ వైపు చూడడం ఆమె గమనించింది.

"ఆయన ముట్టడు సార్. ఇంట్లో బల్బు పోయినా నేనే ఎయ్యాల. ఆ ఉద్యోగం పోయినప్పటి నుంచీ ఇంతే" అంది.

"ఊరికే ఉండమ్మీ" అన్నాడు మస్తాన్.

కరెంటు అతనికి కూడు పెట్టిన పని. లైన్‌మన్‌లు కూడా అతన్ని అడిగి చేసేవారు. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. లేవకుండా మొత్తం చెప్పాను. ఇక్కడ మీకు రాసినట్టు అంత సాఫీగా చెప్పలేదు, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. మస్తాన్ వింటూ పరుపు కుడుతూనే ఉన్నాడు. చివరికి సూది ఆగింది.

"ఎన్ని బైట్లు సార్?"

"నలభై."

"నలభై అంటే ఎంతుంటాది?"

"నీ పేరు, మీ నాయన పేరు, ఈ వీధి పేరు రాస్తే నిండిపోతాది."

అతను పరుపు మీద వేళ్లతో అంత చోటు కొలుచుకున్నాడు.

"మరి స్క్రూ?"

"గోడ మీద నుంచి పెట్టె పీకేటప్పుడు వదులైనట్టుండాది. స్క్రూతో పనే లేదు. నేను బిగించి చూసినా. బిగించినా మోటారు తిరిగింది."

"అయితే నేను బిగించినా?"

"బిగించినావు."

"బిగించినా కదా సార్?"

"బిగించినావు మస్తానూ."

అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఏడ్చాడు. పెద్దగా కాదు. అరవై దగ్గర పడ్డ మనిషి అలా ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపుకు అక్కడ విలువ లేదు. చా తెచ్చిన కాశింబీ తలుపు దగ్గర నిలబడిపోయింది.

"ఇన్నేండ్లు యాడ పోయింటిరి సార్?" అంది. "ఈయప్ప నిద్దట్లో గూడా స్క్రూ బిగిస్తాంటాడు. ఏలు తిప్పుతాంటాడు. మూడు మైళ్ల దూరంలో ఉండారు కదా మీరు. యాడ పోయింటిరి?"

ఆమె చా నా ముందు పెట్టలేదు, గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. అదే న్యాయం.

కొంతసేపటికి మస్తాన్ అడిగాడు. "ఓబులేసుకు చెప్పినారా?"

"ఇంకా లేదు."

"నేను ఏటా పోతా సార్ ఆడికి. శెనక్కాయ పీకేటప్పుడు. చెయ్యి ల్యాకుండా ఆయప్ప ఏం పీకుతాడు? వారం దినాలుండి పీకిచ్చి వస్తా."

నాకు తెలియదు. పదకొండేళ్లుగా, నా తప్పుకు, అతను కూలి తీసుకోకుండా ఇంకొకరి పొలంలో వంగి పని చేస్తున్నాడని నాకు తెలియదు. "ఈసారి నువ్వూ రా, ఇద్దరం పోయి చెబుదాం" అన్నాను.

మస్తాన్ మళ్లీ సూది అందుకున్నాడు. కోపం లేదు గొంతులో.

"నేను ఇన్నేండ్లూ ఒంటిగానే పోయినా సార్. మీరూ ఒంటిగానే పోండి."

శెనక్కాయ చేను

పోయాను. మర్నాడే పోయాను, ఇంకో రోజు ఆగితే ఇంకో ఏడాది ఆగుతానని తెలుసు కాబట్టి.

ఓబులేసు ఇంటి ముందర అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో ఎద్దుకు పగ్గం పేనుకుంటున్నాడు. కుడిచేతి బొటనవేలితో నారను అదిమి పట్టుకున్నాడు. నేనెవరో చెప్పాను. ఆ పెట్టె లోపల మాటలు రాసింది నేనని చెప్పాను. బల్ల సంగతి, మూడు ఫోన్ల సంగతి చెప్పాను. మిస్డ్ కాల్ అన్నప్పుడు ఆయన లోపలికి ఒక్కసారి చూశాడు, మూడో ఫోన్ కొట్టింది భార్య కదా. ఆమె తప్పు లేదని, అన్నల తప్పూ లేదని, ఎవరు కొట్టినా తిరగకూడని మోటారు అని గట్టిగా చెప్పాను. నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"అయితే మస్తాన్‌ది ఏం తప్పు ల్యా?" అన్నాడు.

"ఏం తప్పూ లేదు. అంతా నాదే."

పగ్గం చేతిలో నుంచి జారింది.

"మొదటేడు ఆయప్ప వచ్చినప్పుడు నేను మొగం గూడా సూడల్యా. 'నా చెయ్యి తిన్నోడివి, నువ్వే పీకు' అంటి. పీకినాడు. మరుసటేడు పిలవకుండానే వచ్చె. ఇన్నేండ్లూ వస్తాండాడప్పా. ఒక్కనాడు 'రా, నీడన కూసో' అనల్యా నేను. మా ఇంట్లో సంగటి గూడా పెట్టనీల్యా. కట్ట మింద కూసోని, తెచ్చుకున్న బువ్వ తింటాండె. నేను ఈడ కూసోని సూస్తాంటి. సరిపోయింది నీకు అనుకుంటాంటి."

ఆయన వేళ్లు లేని చేతిని ఎత్తి నాకు చూపించాడు.

"ఇది పోతే పోయిండె. నా రాతనుకున్న్యా, అలవాటైపోయె. నువ్వు ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే నేను మంచోన్ని మాదిరే చచ్చింటి. నన్ను గూడా పాపిష్టోన్ని చేస్తివి గదప్పా."

నేను చేతులు జోడించాను. ఆయన చూడలేదు. ఎడమచేత్తో తువ్వాలు అందుకుని భుజాన వేసుకుని అరుగు దిగాడు.

"కర్నూలుకు బస్సు ఎన్ని గంటలకుండాది?" అని అడిగాడు. నన్ను కాదు, లోపలున్న భార్యను.